ఫొటో కింద ఇంకొక్క వాక్యం

సంపాదకులవారికి నమస్కారం.

ఏటా జయంతి రోజు ఆగస్టు 10న ఒకసారి, వర్ధంతి రోజు జూన్ 24న మరోసారి వరాహగిరి వెంకటగిరి ఫొటో పత్రికల్లో వస్తుంది. కింద రెండు ముక్కలు ఉంటాయి: దేశానికి నాలుగో రాష్ట్రపతి, 1975లో భారతరత్న. కాస్త జాగా మిగిలితే 1894లో బరంపురంలో పుట్టారనీ, 14 మంది సంతానమనీ కలుపుతారు. "కార్మిక నాయకుడు" అన్న మాట ఒక్కోసారి ఉంటుంది, ఒక్కోసారి జాగా చాలక ఎగిరిపోతుంది. ఎన్ని ఉండగా అదే ఎగిరిపోవడం మీదే యూనియన్ ఆఫీసుల్లో కాగితాలు రాసే మా ఫిర్యాదు. రాష్ట్రపతి పదవి ఆయన జీవితంలో ఐదేళ్ళు. కార్మిక సంఘాలతో ఆయన పెట్టుకున్న పని అంతకు ఎన్నో రెట్లు. ఆ పని ఎలాంటిదో, అందులో ఏవేవి ఇప్పటికీ మన సెటిల్‌మెంటు కాగితాల్లో బతికి ఉన్నాయో చెప్పాలని ఈ ఉత్తరం. పొడుగైంది. కత్తిరించే హక్కు మీదే గానీ, లెక్కలున్న పేరాల జోలికి మాత్రం వెళ్ళొద్దని మనవి.

గిరిగారు చదువుకని డబ్లిన్ వెళ్ళింది 1913లో. ఆ ఏడాది ఆగస్టులోనే అక్కడి యజమానులు లాకౌట్ మొదలుపెట్టారు. 1914 జనవరి దాకా సాగింది. రవాణా కార్మికుల యూనియన్‌లో ఉండబోమని కాగితం మీద సంతకం పెడితేనే పనిలోకి రానిస్తామన్నది షరతు. పెట్టనివాళ్ళు వేలమంది నెలల తరబడి వీధిన పడ్డారు. లా చదవడానికి వెళ్ళిన కుర్రాడికి కాలేజీ బయట ఇంకో కాలేజీ దొరికింది. 1916 ఈస్టర్ తిరుగుబాటు తరువాత ఐరిష్ విప్లవకారులతో సంబంధాలున్నాయన్న అనుమానం మీద ఆయన్ను దేశం విడిచి పొమ్మన్నారు. వచ్చి మద్రాసు హైకోర్టులో ప్రాక్టీసు పెట్టారు. సహాయ నిరాకరణ రాగానే అదీ వదిలేశారు.

ఆ రోజుల్లో యూనియన్ నడపడమంటే ఏమిటో తెలియాలంటే మద్రాసు బకింగ్‌హామ్ మిల్లు వ్యవహారం గుర్తు చేసుకోవాలి. మద్రాస్ లేబర్ యూనియన్ నాయకుడు బి.పి. వాడియా మీద బిన్నీ కంపెనీ హైకోర్టుకెక్కింది. ఉద్యోగ ఒప్పందాన్ని మీరేలా పనివాళ్ళను రెచ్చగొట్టారన్నది ఆరోపణ. అలా చేయకూడదని కోర్టు ఇంజంక్షన్ ఇచ్చింది. అంటే సమ్మె చేద్దామని నలుగురిలో అన్న మనిషి నష్టపరిహారం దావాకి కూడా సిద్ధపడాలన్నమాట. ఆ దెబ్బతోనే కార్మిక నాయకుడు ఎన్.ఎం. జోషి 1921లో కేంద్ర శాసనసభలో చట్టం కోసం పట్టుబట్టారు. అది 1926లో ట్రేడ్ యూనియన్ల చట్టమై, 1927 జూన్ 1న అమల్లోకి వచ్చింది. రిజిస్టరైన సంఘం మీద గానీ, దాని నాయకుల మీద గానీ అలాంటి దావా నడవదని 18వ సెక్షన్ చెప్పింది. ఇవాళ గేటు దగ్గర మైకు పట్టుకునే ప్రతివాడి గొడుగూ మొదలైంది అక్కడే. గిరిగారు రైల్వేలో పని మొదలుపెట్టినప్పుడు ఆ గొడుగు ఇంకా రాలేదు.

రైల్వేలో సంఘం కట్టడం మిల్లులో కట్టినట్టు కాదు. మిల్లుకి ఒకటో రెండో గేట్లు. షిఫ్టు వదిలే వేళ అక్కడ నిలబడితే అందరూ కనిపిస్తారు. రైల్వేలో మనుషులు వందల మైళ్ళ పొడుగునా చెదిరి ఉంటారు. గ్యాంగ్‌మన్‌కి పట్టాలే ఇల్లు. ఫైర్‌మన్ ఇవాళ ఈ ఊరు, రేపు ఆ ఊరు. స్టేషన్ క్లర్కు తనను తాను గ్యాంగ్‌మన్‌తో కలుపుకోడు. వర్క్‌షాపు ఫిట్టర్ ఒక్కడే గంట కొడితే వచ్చి గంట కొడితే వెళ్తాడు. ఒక్కో శాఖకి ఒక్కో జీతం, ఒక్కో డ్యూటీ లెక్క, చివరికి ఒక్కో సంఘం. ఎక్కడ తెగుతుందంటే ఇక్కడే. వర్క్‌షాపు ఆగితే మర్నాటికే బండ్లు ఆగవు. ఇంజన్లు మరమ్మతు లేక మూలపడే దాకా వారాలు పడుతుంది. అంతవరకు కార్మికుడి ఇంట్లో గింజలు ఉండాలి, ఈలోగా బండి నడిపేవాళ్ళు జారిపోకుండా ఉండాలి. రెండూ కుదరడం అరుదు.

గిరిగారి రంగం బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే. వాల్తేరు నుంచి కటక్ వైపు పోయే కోస్తా లైను అప్పుడు దాని కిందే ఉండేది. ఆయన పుట్టిన బరంపురం ఆ లైను మీద స్టేషనే. ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో, కాలనీల్లో తెలుగువాళ్ళు ఎంతమంది ఉండేవారో ఆ ఊరికి వెళ్ళినవాళ్ళకు ఇవాళ్టికీ తెలుస్తుంది. అక్కడ 1927–28లో ఉద్యోగాల కోత మీద పోరాటం జరిగింది. గిరిగారి నాయకత్వంలో శాంతియుతంగా నడిచిన ఆ సమ్మెతో కంపెనీ, ప్రభుత్వం దిగిరావలసి వచ్చింది. ఒక్క రైల్వేలో గెలిస్తే చాలదని, రైల్వేల సంఘాలన్నీ కలిసిన ఆలిండియా రైల్వేమెన్స్ ఫెడరేషన్‌కి పునాది వేసినవాళ్ళలోనూ ఆయన ఉన్నారు. ఈ ఫెడరేషన్ పేరు గుర్తుంచుకోండి, ఉత్తరం చివర్లో మళ్ళీ వస్తుంది.

ఆయన రైల్వే ఉద్యోగి కారు, లాయరు. యూనియన్ భాషలో "బయటి మనిషి". 1926 చట్టం కార్యవర్గంలో సగం దాకా బయటివాళ్ళను ఒప్పుకుంది. 2001 సవరణ దాన్ని మూడో వంతుకో ఐదుగురికో, ఏది తక్కువైతే దానికి, కుదించింది. బయటి మనిషి ఎందుకంటే కారణం ఒక్కటే: లోపలి మనిషి ఇవాళ మాట్లాడితే రేపు ఉద్యోగం ఉండదు. చార్జిషీటు ఇవ్వడానికి వీల్లేని గొంతు ఒకటి బల్ల దగ్గర ఉండాలి. దీనికో జబ్బూ ఉంది. బయటి మనిషికి ఇంగ్లీషు వచ్చు, చట్టం వచ్చు, ఆఫీసర్లతో పరిచయం ఉంటుంది. క్రమంగా సంఘం ఆయన సంచీలోకి వెళ్ళిపోతుంది. ఆయనకు జబ్బు చేస్తే జనరల్ బాడీ జరగదు, ఆయన పోతే రసీదు పుస్తకాలు ఎక్కడున్నాయో ఎవరికీ తెలియదు.

రసీదు పుస్తకం మాట వచ్చింది కాబట్టి ఇక్కడ ఒక్క నిమిషం. 1926 చట్టం కింద ఏడుగురు సంతకం పెడితే సంఘం రిజిస్టరయ్యేది. 2001 తరువాత ఆ సంస్థలో పనిచేసేవారిలో పదోవంతో, వంద మందో, ఏది తక్కువైతే అంతమంది సభ్యులు ఉండాలన్నారు. ఏడుగురికి తగ్గకూడదు. దరఖాస్తుతో నియమావళి, కార్యవర్గం పేర్లు, వయసులు, చిరునామాలు పెట్టాలి. నియమావళిలో సభ్యుల జాబితా ఎక్కడ ఉంటుంది, దాన్ని సభ్యుడు ఎప్పుడు చూడొచ్చు, చందా ఎంత, ఆడిట్ ఎప్పుడు అన్నవి లేకపోతే రిజిస్ట్రార్ వెనక్కి పంపుతాడు. ఆ తరువాత ఏటేటా రిజిస్ట్రార్‌కి లెక్కల రిటర్ను. పోలీసు లాఠీకి చెక్కుచెదరని సంఘాలు ఈ రిటర్ను దగ్గర చతికిలబడ్డాయి. రెండు మూడేళ్ళు పంపకపోతే నోటీసు వస్తుంది, పాత చిరునామాకి వచ్చిన నోటీసు ఎవరూ తీసుకోరు, రిజిస్ట్రేషన్ పోతుంది. సరిగ్గా వేతన ఒప్పందం చర్చల ముందు ఆ సంగతి యాజమాన్యమే బయటపెడుతుంది. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ కింద సభ్యత్వ రిజిస్టర్ విలువ ఇంకా పెరిగింది. ఒకటికి మించి సంఘాలున్న చోట 51 శాతం సభ్యత్వం చూపించగలిగిన సంఘానికే చర్చల హక్కు. ఎవరికీ అంత లేకపోతే 20 శాతం ఉన్నవాళ్ళందరితో ఒక మండలి. కాబట్టి ఒకే మనిషి పేరు రెండు సంఘాల పుస్తకాల్లో ఉంటే తనిఖీలో అది ఎవరికీ పనికిరాకుండా పోయే ప్రమాదం ఉంది.

1929లో గిరిగారి చేతుల మీదుగానే ఒక చీలిక కూడా జరిగింది. బ్రిటిష్ ప్రభుత్వం వేసిన రాయల్ కమిషన్ ముందుకు వెళ్ళి కార్మికుల బాధలు చెప్పాలా, బహిష్కరించాలా అన్న దగ్గర దేశంలోని కార్మిక సంఘాల ఉమ్మడి వేదిక ఏఐటీయూసీ రెండయింది. 1926లో దానికి అధ్యక్షుడిగా ఉన్న గిరిగారు, ఎన్.ఎం. జోషి వెళ్ళి చెప్పాలన్న పక్షం. వేరుపడి ఇండియన్ ట్రేడ్ యూనియన్ ఫెడరేషన్ పెట్టారు. తరువాత రెండూ కలిశాయి, 1942లో ఆయనే మళ్ళీ ఏఐటీయూసీ అధ్యక్షుడయ్యారు. చీలికలో తప్పెవరిదన్న తగువు మాలోనే తేలలేదు. కానీ ఎవరు బల్ల వేసినా వెళ్ళి కూర్చోవాలన్న ఆయన పట్టుదల అప్పటికే స్థిరపడిందని దీన్ని బట్టి తెలుస్తుంది. 1937 ఎన్నికల్లో బొబ్బిలి రాజాను బొబ్బిలిలోనే ఓడించి రాజాజీ మంత్రివర్గంలో కార్మిక శాఖ తీసుకున్నప్పుడూ, 1946లో ప్రకాశం పంతులుగారి మంత్రివర్గంలోనూ అదే ధోరణి.

అసలు విషయం 1952 దగ్గర వస్తుంది. పాతపట్నం నుంచి లోక్‌సభకు గెలిచి నెహ్రూ మంత్రివర్గంలో కార్మిక మంత్రి అయ్యాక ఆయన చెప్పిన దానికి "గిరి విధానం" అని పేరు పడింది. వివాదం వస్తే ముందు ఇద్దరూ కూర్చోవాలి. తెగకపోతే రాజీ కుదిర్చే ప్రభుత్వ అధికారిని, అంటే కన్సిలియేషన్ అధికారిని, మధ్యన పెట్టుకుని మళ్ళీ కూర్చోవాలి. అప్పటికీ తెగకపోతే ఇద్దరికీ నమ్మకమున్న మధ్యవర్తిని ఎంచుకోవాలి. ప్రభుత్వం తనంతట తాను పట్టుకెళ్ళి ట్రిబ్యునల్లో పడేసే నిర్బంధ తీర్పు మాత్రం వద్దు.

వినడానికి ఉపన్యాసంలా ఉంటుంది గానీ, ఇది చర్చల బల్ల దగ్గర కూర్చున్నవాడికి మాత్రమే తట్టే సంగతి. చివరికి ట్రిబ్యునలే తేలుస్తుందని తెలిసినప్పుడు ఎవరూ తమ ఆఖరి మాట చెప్పరు. యాజమాన్యం జీతం 400 రూపాయలు పెంచగలిగినా 150 దగ్గర ఆగుతుంది, ఎందుకంటే జడ్జి ఎటూ మధ్యలో కోస్తాడు. సంఘం 500 చాలనుకుంటూనే 1,200 రాస్తుంది, అదే కారణం చేత. కేసు నడిచే ఆరేళ్ళూ కార్మికుడికి సంఘంతో పనుండదు, లాయరుతోనే పని. చందా ఆగిపోతుంది. గేటు మీటింగుకి నలుగురు వస్తారు. తీర్పు వచ్చేసరికి గెలిచిన సంఘం కూడా బక్కచిక్కి ఉంటుంది. బలం లేని సంఘాలకు ట్రిబ్యునలే దిక్కు కదా అని అప్పట్లో సంఘాల్లోనే చాలామంది ఆయన్ను వ్యతిరేకించారు. ఆ మాటలో నిజం ఉంది. ఏభైమంది సభ్యులున్న సంఘానికి చర్చలంటే వరండాలో కుర్చీ. గిరిగారి లెక్కలో ఆ లోటు ఉండేది: బల్లకి రెండు వైపులా బరువు సమానంగా ఉందనుకుంటేనే ఆ విధానం నడుస్తుంది.

బల్ల దగ్గర ఏం జరుగుతుందో దగ్గరనుంచి చూడాలంటే "12(3) అగ్రిమెంటు" అని మావాళ్ళు పిలిచే కాగితం తీసుకోండి. 1947 పారిశ్రామిక వివాదాల చట్టంలో 12వ సెక్షన్ మూడో ఉపవిభాగం కింద కన్సిలియేషన్ అధికారి సమక్షంలో కుదిరేది అది. పైన పార్టీల పేర్లు, యాజమాన్యం తరఫున ఎవరు, కార్మికుల తరఫున ఎవరు, తరువాత వివాదం సంగ్రహంగా, ఆపైన షరతులు, సంతకాలు, ఇద్దరు సాక్షులు. అధికారి లేకుండా ఇద్దరే కుదుర్చుకుంటే అది "18(1)". చూడ్డానికి రెండు కాగితాలూ కవలపిల్లలు. తేడా ఏమిటంటే 18(1) సంతకం పెట్టిన పార్టీలనే కట్టేస్తుంది. పక్క సంఘం సభ్యుడు నాకు సంబంధం లేదనొచ్చు. 12(3) ఆ సంస్థలో ఉన్నవాళ్ళందరినీ, రేపు చేరబోయేవాళ్ళనూ కట్టేస్తుంది. రెండు సంఘాలున్న చోట ఈ తేడా తెలియక 18(1) మీద సంతకం పెట్టి, ఆరు నెలలు గడవకముందే మళ్ళీ మొదటికొచ్చిన వాళ్ళున్నారు.

ఆ కాగితంలో ఇంకో రెండు చోట్ల చేతులు కాలుతుంటాయి. ఒకటి గడువు. ఎన్నాళ్ళకో రాయకపోతే చట్టం ప్రకారం ఆరు నెలలే. ఆరు నెలలైనా, రాసుకున్న గడువైనా, పూర్తయ్యాక కూడా రాతపూర్వకంగా ముగింపు నోటీసు ఇచ్చి రెండు నెలలు గడిచేదాకా అది నడుస్తూనే ఉంటుంది. నోటీసు ఇవ్వడం మర్చిపోయి కొత్త డిమాండ్ల పత్రం పెడితే "పాతది అమల్లో ఉంది" అన్న ఒక్క వాక్యంతో తిప్పి కొడతారు. రెండోది "ఇతర డిమాండ్లన్నీ పరిష్కారమైనట్టే" అనే ఆఖరి షరతు. రాత్రి పదకొండింటికి, అందరూ అలిసిపోయి ఉన్నప్పుడు చేర్చేది అదే. క్యాంటీన్, యూనిఫాం, ప్రమోషన్ల డిమాండ్లన్నీ ఆ గీత కింద పూడుకుపోతాయి. కొత్త కోడ్‌తో సెక్షన్ల నంబర్లు మారాయి గానీ, యూనియన్ ఆఫీసుల్లో ఇంకా "12(3)" అనే అంటారు. ఇంకొన్నాళ్ళు అలాగే అంటారు.

ఇద్దరూ ఒప్పుకున్న మధ్యవర్తి అన్న ముక్క మాత్రం చట్టంలోకి ఎక్కింది. గిరిగారు మంత్రిపదవి వదిలిన రెండేళ్ళకు, 1956 సవరణలో 10ఏ సెక్షన్‌గా వచ్చింది. ఎక్కినా వాడినవాళ్ళు తక్కువ. మధ్యవర్తి పేరు దగ్గరే చర్చ ఆగిపోతుంది: వాళ్ళు చెప్పిన మనిషి వీళ్ళకు నచ్చడు. కొత్త కోడ్ అయితే ఇంకో దారి తెరిచింది. రాజీ కుదరకపోతే ప్రభుత్వం రిఫర్ చేసే దాకా ఆగనక్కర్లేదు, ఏ పక్షమైనా 90 రోజుల్లో నేరుగా ట్రిబ్యునల్‌కి వెళ్ళొచ్చు. సౌకర్యమే. ఆయన వద్దన్న దారి ఇంకా వెడల్పయిందన్నది మా అభిప్రాయం. ఇక సమ్మె నోటీసు. పాత చట్టంలో 14 రోజుల నిబంధన ప్రజావసర సేవలకే ఉండేది. ఇప్పుడు అన్ని పారిశ్రామిక సంస్థలకూ వర్తిస్తుంది. సగం మందో, అంతకు మించో కూడబలుక్కుని ఒకేరోజు క్యాజువల్ లీవు పెట్టినా సమ్మెగానే లెక్క. నోటీసు తేదీ ఒక్కరోజు తప్పినా మొత్తం సమ్మె చట్టవిరుద్ధమవుతుంది కాబట్టి, అది అందినట్టు ఎదుటివాళ్ళ సంతకం, తేదీ, ముద్ర ఉన్న నకలును బీరువాలో భద్రం చేయాలి.

బ్యాంకు అవార్డు కథ గిరిగారి ఫొటో కింద ఎప్పుడూ రాదు. బ్యాంకు ఉద్యోగుల జీతాల మీద 1953లో శాస్త్రి ట్రిబ్యునల్ తీర్పిచ్చింది. అప్పీలుకు వెళ్తే లేబర్ అప్పిలేట్ ట్రిబ్యునల్ 1954లో దాన్ని ఉద్యోగులకు కొంత మేలు చేసేలా మార్చింది. ఆ ఏడాది ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం ఆ అప్పీలు తీర్పును తగ్గించింది. కార్మిక మంత్రి రాజీనామా చేసి బయటికొచ్చారు. నిర్బంధ తీర్పులే వద్దన్న మనిషి ఒక తీర్పు కోసం పదవి వదులుకోవడం విచిత్రంగా కనిపించొచ్చు. మాకు అలా కనిపించదు. సమ్మె వద్దు, ట్రిబ్యునల్ మాట వినండి అని కార్మికుడి చెయ్యి కట్టేశాక, ఆ ట్రిబ్యునల్ మాటను ప్రభుత్వమే కోసేస్తే ఇక కార్మికుడి దగ్గర మిగిలేదేమిటి? ఆ తరువాత గజేంద్రగడ్కర్ కమిషన్ వచ్చింది, దాని సిఫార్సుల మీద 1955లో చట్టం వచ్చింది. ఆ అప్పిలేట్ ట్రిబ్యునలే 1956లో రద్దయింది. ఆ రాజీనామా తరువాత 15 ఏళ్ళకు, 1969 జూలై 19న, 14 బ్యాంకుల్ని జాతీయం చేసిన ఆర్డినెన్సు మీద తాత్కాలిక రాష్ట్రపతిగా సంతకం పెట్టిందీ ఆయనే. మరుసటి రోజు రాష్ట్రపతి ఎన్నికలో నిలబడటానికి రాజీనామా చేశారు.

ఆయన మంత్రిగా ఉండగా వచ్చినదాంట్లో మావరకు అన్నిటికంటే పెద్దది 1953 సవరణ. పారిశ్రామిక వివాదాల చట్టంలో ఐదో-ఏ అధ్యాయం 1953 అక్టోబర్ 24 నుంచి అమలైంది. పని లేదని కూర్చోబెడితే సగం జీతం, ఉద్యోగం తీసేస్తే నెల నోటీసు, పరిహారం, ఆఖర్న చేరినవాణ్ణి ముందు తీయాలన్న నియమం, మళ్ళీ తీసుకుంటే తీసినవాళ్ళకే మొదటి అవకాశం. పాతికేళ్ళ కిందట ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో ఉద్యోగాల కోత మీద కొట్లాడిన మనిషి కార్మిక మంత్రిగా ఉన్న రోజుల్లో ఇవన్నీ అచ్చులోకి వచ్చాయి.

లెక్క ఇలా. ఒకరికి నెలకు సగటు జీతం 26,000. సర్వీసు 12 ఏళ్ళ 7 నెలలు. ఆరు నెలలు దాటిన ముక్క పూర్తి ఏడాదే కాబట్టి 13 ఏళ్ళు. కోత పరిహారం ఏడాదికి 15 రోజుల సగటు జీతం, అంటే సగం నెల: 13,000 × 13 = 1,69,000. గ్రాట్యుటీ వేరు. దానికి నెల జీతాన్ని 26తో భాగించి 15తో హెచ్చించాలి: 15,000 × 13 = 1,95,000. ఈ రెండు భాగహారాలనూ కలిపేసి తప్పు లెక్క కట్టేవాళ్ళు రెండు వైపులా ఉన్నారు. కోత పరిహారానికి 26 లెక్క వర్తించదని సుప్రీంకోర్టు చెప్పింది. నోటీసు ఇవ్వకుండా తీస్తే ఇంకో నెల జీతం, 26,000. మొత్తం 3,90,000. ఇందులో నోటీసు జీతం, కోత పరిహారం తీసేసే సమయానికే చేతిలో పెట్టాలి. వచ్చే నెల ఇస్తామంటే ఆ తొలగింపే చెల్లదు. కోత పరిహారం రావాలంటే ఏడాదిలో 240 రోజులు పనిచేసినట్టు చూపాల్సిన బరువు మాత్రం కార్మికుడి మీదే ఉంటుంది. అందుకే హాజరు కార్డు, జీతం చీటీ పారేయకూడదు.

గ్రాట్యుటీ చట్టం 1972 నాటిది. దానికి ఆమోదముద్ర వేసిన రాష్ట్రపతి ఎవరో చెప్పనక్కర్లేదు. 1970 కాంట్రాక్టు కార్మికుల చట్టం కిందా ఆయన సంతకమే.

ఇంటి సంగతికి వద్దాం. భార్య సరస్వతీబాయి, 14 మంది పిల్లలు. ఇంట్లో రాజకీయం కొత్తేమీ కాదు. తండ్రి జోగయ్య పంతులుగారు లాయరు, తల్లి సుభద్రమ్మగారు మద్యనిషేధం కోసం పోరాడి జైలుకెళ్ళారు. 14 మంది పిల్లలున్న ఇంట్లో నిర్బంధ తీర్పులు నడవవు, రోజూ బేరసారాలే నడుస్తాయని మా ఆఫీసుల్లో ఓ పరిహాసం. ఇంకో పరిహాసం లెక్కలతో కూడినది. 1957లో 15వ భారత కార్మిక సదస్సు అవసరాల ఆధారిత కనీస వేతనానికి సూత్రం కట్టింది. కుటుంబమంటే మూడు యూనిట్లు: మగమనిషి 1, ఆడమనిషి 0.8, ఇద్దరు పిల్లలకు చెరి 0.6. ఒక్కో యూనిట్‌కి రోజుకు 2,700 క్యాలరీలు, ఇంటికంతటికీ ఏడాదికి 72 గజాల గుడ్డ. గిరిగారి ఇల్లు దీనికి పెట్టి చూస్తే పిల్లలే 8.4, మొత్తం 10.2 యూనిట్లు. సూత్రం దాదాపు మూడున్నర రెట్లు పిగిలిపోతుంది! నవ్వుకోవడానికి బాగుంటుంది గానీ, ఈ సూత్రం మీద మా తగువు నవ్వులాట కాదు. ఇంట్లో ముసలి తల్లిదండ్రులు ఉన్నా వాళ్ళకు అందులో యూనిట్ లేదు.

గవర్నరుగిరీలు, ఉపరాష్ట్రపతి పదవి ఎటూ మీరు రాస్తారు. ఒక ఓటమి మాత్రం చెప్పుకోదగ్గది. 1957లో పార్వతీపురం ద్విసభ్య నియోజకవర్గంలో గిరిజన రిజర్వుడు స్థానానికి నిలబడిన ఇద్దరికీ ఆయనకంటే ఎక్కువ ఓట్లు వచ్చి, వాళ్ళలో ఒకరు జనరల్ సీటు కూడా తీసుకున్నారు. గిరిగారు సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు, ఓడిపోయారు. ఓట్ల లెక్కలో గిరి విధానానికి చోటు లేదు మరి. 1969లో ఇంకో తెలుగువాడు నీలం సంజీవరెడ్డి మీద రెండో ప్రాధాన్య ఓట్ల లెక్కింపులో గట్టెక్కారు. ఆ ఎన్నిక చెల్లదని కేసు పడితే, పదవిలో ఉండగానే సుప్రీంకోర్టు ముందు సాక్ష్యం చెప్పారు. పిలిస్తే వెళ్ళి కూర్చునే అలవాటు అక్కడా పోలేదు.

1974 మే 8న రైల్వే సమ్మె మొదలైంది. పిలుపులో ముందున్నది ఆలిండియా రైల్వేమెన్స్ ఫెడరేషన్, అధ్యక్షుడు జార్జి ఫెర్నాండెజ్. ఆయన్ను మే 2నే అరెస్టు చేశారు. ఎనిమిది గంటల పని, బోనస్, ఇతర ప్రభుత్వ సంస్థలతో సమానంగా జీతం అన్నవి ప్రధాన డిమాండ్లు. దాదాపు 17 లక్షల మంది కదిలారు. వేలమందిని జైళ్ళకు పంపారు, క్వార్టర్ల నుంచి కుటుంబాలను వెళ్ళగొట్టారు. 20 రోజులకు, మే 27న, సమ్మె విరమించారు. ఆ ఫెడరేషన్‌కి పునాది వేసినవాళ్ళలో ఒకరు ఆ 20 రోజులూ రాష్ట్రపతి భవన్‌లో ఉన్నారు. మంత్రివర్గం సలహా మీద నడవాల్సిన కుర్చీ అది, ఆ కుర్చీ ముందు చర్చల బల్ల ఉండదు. మూడు నెలలకు, ఆగస్టు 24న, పదవీకాలం ముగిసింది. ఆయన్ను పొగిడేవాళ్ళు ఈ పేజీ తిప్పేస్తారు, తిట్టేవాళ్ళు ఇదొక్కటే చదువుతారు. మేం రెండింటినీ ఒప్పుకోం. 1928నీ 1974నీ పక్కపక్కన అచ్చేస్తేనే ఆయన బొమ్మ పూర్తవుతుంది.

నోయిడాలోని జాతీయ కార్మిక సంస్థకు ఆయన పేరే ఉంది. 1974 తపాలా బిళ్ళ మీద ఆయన బొమ్మ ఉంది. పత్రికలో అంత జాగా మేం అడగడం లేదు. వచ్చే ఆగస్టు 10న ఫొటో కింద "నాలుగో రాష్ట్రపతి" తరువాత ఈ ఒక్క వాక్యం పడితే చాలు: "బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కార్మికుల నాయకుడు, ఉద్యోగం తీసేస్తే పరిహారం ఇవ్వాలన్న 1953 చట్టం నాటి కార్మిక మంత్రి, బ్యాంకు ఉద్యోగుల తీర్పును ప్రభుత్వం తగ్గించినందుకు 1954లో పదవి వదిలిన మనిషి." మూడు లైన్లు. జాగా చాలకపోతే భారతరత్న తీసేయండి.

ఇట్లు,
యూనియన్ ఆఫీసుల్లో సభ్యత్వ రిజిస్టర్లు, ఒప్పంద పత్రాలు రాసే కొందరు కార్యకర్తలు